అక్టోబర్ 1 దాకా ఆ అడవిలోకి వెళ్లకు, తమ్ముడూ

అన్నా అని అడిగావు కాబట్టి తమ్ముడికి చెప్పినట్టే చెప్తాను, ఎక్కడైనా కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోకు. ప్రశ్న చదవని వాళ్ల కోసం ముందు విషయం. ఈ తమ్ముడు ఉండేది మిషిగన్‌లో, నోవై దగ్గర. జాక్సన్ కౌంటీలో తెలిసిన రైతు ఒకాయన తన 40 ఎకరాల్లో జింకల వేటకి పర్మిషన్ ఇచ్చాడు. వాయవ్యం మూల జమ్ము పెరిగిన చిత్తడి, మధ్యలో ఓక్ చెట్లు, ఆగ్నేయం వైపు సోయా చేను, దక్షిణాన రోడ్డు. జులై నుంచి దాదాపు ప్రతి శనివారం వెళ్లి మూడు ట్రైల్ కెమెరాల్లో (చెట్టుకి కడితే ముందు ఏది కదిలినా వాటంతటవే ఫొటో తీసేవి) మెమరీ కార్డులు మార్చి వస్తున్నాడు, రెండుసార్లు పిల్లల్ని కూడా తీసుకెళ్లాడు. ఆగస్టంతా ఎనిమిది మొనల కొమ్ములున్న పెద్ద బక్, అంటే మగజింక, పట్టపగలే ఫొటోల్లో పడింది. సెప్టెంబర్ మొదటి వారం దాటాక అర్ధరాత్రి ఫొటోలు తప్ప ఇంకేమీ లేవు. ఆర్చరీ సీజన్, అంటే విల్లు బాణాలతో వేట, అక్టోబర్ 1న మొదలు, ఇంకా పదహారు రోజులుంది. మంచె కూడా కట్టలేదు. "బక్ వెళ్లిపోయిందా? ఇంకో రెండు కెమెరాలు కొని వెతకనా?" ఇదీ ప్రశ్న.

వెతకొద్దు. కెమెరాలు కొనొద్దు. మంచె కట్టడానికి ఒకే ఒక్కసారి వెళ్లు, అది కూడా నేను కింద చెప్పిన పద్ధతిలో, ఆ తర్వాత సీజన్ మొదలయ్యేదాకా అటువైపు వెళ్లకు. వేటలో 14 ఏళ్లుగా ఉన్నాను, కొత్తవాళ్లు చేసే తప్పుల్లో గురి తప్పడం కంటే, సరైన బాణం కొనకపోవడం కంటే ఇలా మాటిమాటికీ వెళ్లిరావడమే పెద్దదని నాకు గట్టి నమ్మకం. ఇష్టంతోనే వెళ్తాం, రోజూ చూడాలనిపిస్తుంది, ఆ ఇష్టమే జింకని రాత్రి జీవిగా మార్చేస్తుంది.

అయితే తప్పంతా నీదే అని కూడా అనుకోకు. సెప్టెంబర్‌లో బక్‌ల బతుకే మారిపోతుంది. వేసవంతా కొమ్ముల మీద మెత్తటి చర్మం ఉన్నన్నాళ్లూ మగవన్నీ గుంపుగా, గొడవ లేకుండా, ఒకే చేలో మేస్తాయి. సెప్టెంబర్ మొదట్లో ఆ చర్మం ఊడిపోతుంది, ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి, గుంపు విడిపోతుంది, కొన్ని అక్కడే ఉంటాయి, కొన్ని శరదృతువు అంతా ఉండే వేరే చోటికి మారిపోతాయి. దానికి తోడు నీ సోయా చేను ఈపాటికి పసుపుపచ్చగా తిరిగి ఉంటుంది, చూసుకో. ఆకు పచ్చగా ఉన్నంతకాలం ఎగబడి తిన్న జింకలు పండిన ఆకుని పెద్దగా ముట్టుకోవు, అదే సమయానికి వైట్ ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది. తిండి చేలోంచి చెట్ల కిందకి మారింది, నీ కెమెరాల్లో రెండు మాత్రం ఇంకా చేను గట్టునే చూస్తున్నాయి.

మరి కాలం వల్ల మారిందా, నీ వల్ల మారిందా? ఆడజింకల ఫొటోలు చూడు. అదే కెమెరాలో ఆడజింకలు, పిల్లలు సాయంత్రం ఆరింటికి మామూలుగా తిరుగుతూ బక్ ఒక్కటే కనపడకపోతే అది సీజన్ మార్పు, కంగారు పడే పని లేదు. ఆడజింకలు కూడా రాత్రి తొమ్మిది తర్వాతే వస్తుంటే మాత్రం ఆ చోట మనిషి తిరుగుడు ఎక్కువైందని అర్థం. నువ్వు పెట్టిన ఫొటోల్లో ఓక్ చెట్ల దగ్గరున్న కెమెరాలో టైములు నేను వరుసగా చూశాను, శనివారం తర్వాత రెండు మూడు రోజులు పగలు ఒక్క జింక లేదు, గురువారానికి ఆడవి రావడం మొదలుపెడతాయి, మళ్లీ నువ్వు వెళ్తావు. మొత్తం నీ వల్ల కాకపోయినా సగం నీ వల్లే.

సౌత్ కరోలైనాలో బక్‌లకి జీపీఎస్ కాలర్లు కట్టి ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పరిశోధనలో కూడా ఇలాంటిదే తేలింది. వేటగాడు కూర్చుని వెళ్లిన మంచె దగ్గరికి బక్‌లు పగటిపూట రావడం తగ్గిపోయింది, మళ్లీ మామూలు కావడానికి సుమారు మూడు రోజులు పట్టింది. అదీ ఒక మనిషి కదలకుండా కూర్చుని వెళ్లినందుకు! పిల్లలతో కలిసి మూడు చోట్లకి నడిస్తే ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఇక్కడ చిన్న లెక్క చెప్తాను, నాకు ఇది అర్థమైన రోజు నా వేటే మారిపోయింది. నలుచదరంగా ఉన్న 40 ఎకరాల ముక్కకి ఒక్కో వైపు 440 గజాలు. నువ్వు రోడ్డు దగ్గర కారు ఆపి, మధ్యలో ఉన్న బాట పట్టుకుని ఉత్తరం గట్టు దాకా నడిచావంటే, ఆ భూమిలో నీకు 220 గజాల కంటే దూరంగా ఉన్న చోటు ఒక్కటి కూడా లేదు. గాలి కాస్త వీచిందంటే సగం ముక్కకి నీ వాసన చేరినట్టే. మనకి 40 ఎకరాలంటే పెద్ద ఆస్తి, మన ఊళ్లో అయితే ఆసామి కింద లెక్క. బక్‌కి మాత్రం అది తను తిరిగే ఇలాకాలో చిన్న గది. ఒక మగజింక సుమారు చదరపు మైలు, అంటే 640 ఎకరాలు, చుట్టబెడుతుందని మోటుగా లెక్కేసుకున్నా నీ భూమి అందులో పదహారో వంతు. నీ దగ్గర చికాకుగా ఉంటే మిగతా పదిహేను ముక్కల్లో ఎక్కడైనా పడుకుంటుంది. దానికి ఇల్లు మారడం కూడా కాదు, పక్కగదిలోకి వెళ్లడం అంతే.

నా సంగతి చెప్తాను. వేట మొదలుపెట్టిన రెండో ఏడాది, సెప్టెంబర్ ఆఖరి ఆదివారం. అప్పటికి నాలుగు వారాలుగా ప్రతి ఆదివారం వెళ్తున్నాను, బక్ ఎక్కడ పడుకుంటుందో కనిపెట్టాలని పట్టుదల. చిత్తడి అంచున ఒక పెద్ద చెట్టు విరిగి పడి ఉంది, దాన్ని చుట్టి వెళ్లబోతుంటే పది అడుగుల ముందు నేల ఒక్కసారిగా లేచినట్టయింది. ముక్కుతో బుస్సుమని ఊది, తెల్లటి తోక ఎత్తి, మూడు గెంతుల్లో జమ్ములో కలిసిపోయింది. గుండె దడదడలాడుతుంటే వెళ్లి చూశాను. కోలగా నలిగిన గడ్డి, అర చెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగా ఉంది, నాలుగైదు బూడిదరంగు వెంట్రుకలు గడ్డికి అంటుకుని ఉన్నాయి. అది పడుకున్నట్టే నేనూ కూర్చుని చూశాను. గాలి వెనక నుంచి వస్తోంది, వెనక ఎవరొచ్చినా వాసన తెలుస్తుంది. ముందు వంద గజాల వరకూ అడ్డం లేదు, అటు నుంచి ఎవరొచ్చినా కళ్లకి కనపడతారు. ఎంత ఆలోచించి ఎంచుకుందో! నేను చెట్టు చాటున పక్కవాటుగా రావడం వల్ల అంత దగ్గరికి వెళ్లగలిగాను, అది కేవలం అదృష్టం, నిజానికి దురదృష్టం. ఎందుకంటే ఆ సీజన్‌లో దాన్ని మళ్లీ చూడలేదు. నవంబర్ 15న తుపాకీ సీజన్ మొదటిరోజు, అర మైలు అవతల పొలంవాళ్లు కొట్టారు, ట్రక్కులో కొమ్ములు చూసి గుర్తుపట్టాను. అది పడుకునే చోటు కనుక్కున్నాను గానీ, కనుక్కోవడానికి వెళ్లడం వల్లే దాన్ని పోగొట్టుకున్నాను. బాధ చాలా రోజులు ఉంది.

అందుకే నీకు గట్టిగా చెప్తున్నాను: ఆ వాయవ్యం మూల చిత్తడి, దాని చుట్టూ ఒక యాభై గజాలు, అది నీ భూమి కాదు అనుకో. సీజన్ ముందే కాదు, సీజన్‌లో కూడా వెళ్లకు. బాణం తగిలిన జింక జాడ వెతకడానికి తప్ప అక్కడ నీకు పని లేదు. పడక ఎక్కడుందో చూడాలనిపిస్తే మార్చిలో వెళ్లు, మంచు కరిగాక పోయినేడాది గుర్తులన్నీ నేలమీద కనపడతాయి, రాలిన కొమ్ములు కూడా దొరుకుతాయి, అప్పుడు భయపెట్టినా అక్టోబర్ నాటికి ఆ ప్రభావం ఉండదు.

ఇప్పుడు ఆ ఒక్కసారి ఎలా వెళ్లాలో. వాన పడే రోజో, వాన వచ్చే ముందు గాలి గట్టిగా వీచే రోజో చూసుకో. ఎండగా ఉందని శనివారం పెట్టుకోకు, ఆఫీసుకి సెలవు పెట్టి అయినా సరే వానరోజే వెళ్లు. వాన నీ వాసనని కడిగేస్తుంది, గాలి నీ చప్పుడుని కప్పేస్తుంది. ఒక్క మాట, ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం చెట్టెక్కకు. టైము పదకొండు నుంచి రెండు మధ్య, అప్పుడు జింకలు పడకల్లో ఉంటాయి. గాలి పడమటి నుంచి గానీ నైరుతి నుంచి గానీ ఉండాలి, అప్పుడు నీ వాసన చిత్తడి వైపు కాకుండా తూర్పున ఉన్న పక్కాయన మొక్కజొన్న మీదుగా పోతుంది. మధ్య బాట మర్చిపో. తూర్పు గట్టు వెంబడి కాలువ ఉందని రాశావు, అందులోంచి రబ్బరు బూట్లతో నడువు, పడమటి వైపు నుంచి చూసేవాటికి తల కూడా కనపడదు.

బట్టల సంగతి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. వేట జాకెట్ కోటు అల్మరాలో వేలాడదీస్తాం, ఆ అల్మరా చాలా ఇళ్లలో వంటింటి పక్కనే. ఇంగువ, కరివేపాకు, ఆవాల పోపు వాసన ఆ గుడ్డలో పట్టేసి మనకి అలవాటైపోతుంది, మనకి తెలియదు. జింకకి తెలుస్తుంది. వాసన లేని సబ్బుతో ఉతికి, ఆరుబయట ఆరబెట్టి, మూతపెట్టే ప్లాస్టిక్ డబ్బాలో దాచి, పొలం దగ్గర కారు దిగాకే వేసుకో. మెరుపునిచ్చే డిటర్జెంట్లు వాడకు, జింక కంటికి నారింజ, ఎరుపు సరిగా తెలియవు గానీ నీలం, అతినీలలోహితం వైపు బాగా కనపడతాయి, ఆ సబ్బులతో ఉతికిన గుడ్డ దానికి వెలుగుతున్నట్టు ఉంటుంది. ఇంత చేసినా మనిషి వాసన పూర్తిగా పోదు. వాసన పోగొట్టే స్ప్రేల మీద వందల డాలర్లు పోసేకన్నా గాలివాటం చూసుకోవడం మేలు.

తోడుగా ఒకరిని తీసుకెళ్లు, ఒక్కరినే. మంచె కట్టేటప్పుడు ఒంటరిగా ఉండకూడదు, వేటలో జరిగే ప్రమాదాల్లో చెట్టు మంచె మీద నుంచి పడటం పెద్ద కారణం. నేల వదిలిన క్షణం నుంచి హార్నెస్ (పడిపోకుండా చెట్టుకి కట్టుకునే పట్టీలు) కట్టి ఉండాలి. మంచె ఓక్ చెట్ల గుంపుకి తూర్పు అంచున పెట్టు, లోపలికి కాదు. బాణానికి అడ్డొచ్చే కొమ్మలు నాలుగైదు ఉంటాయి, అవి మాత్రం కొట్టు, అడవిని పార్కులా చెయ్యకు. కొట్టిన కొమ్మలు తొక్కే దారిలో పడేయకు. చేతులకి గ్లోవ్స్ ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడే ఓక్‌ల దగ్గరున్న కెమెరా తీసేసి గట్టు మీద, కాలువలోంచి నిలబడి అందుకునేంత దగ్గరలో పెట్టు. ఫోన్‌కి ఫొటో పంపే సెల్యులార్ కెమెరా ఒకటి ఉంటే దాన్ని, లిథియం బ్యాటరీలు వేసి. మిగతా రెండూ ఇంటికి తెచ్చేసుకో. రెండు గంటల్లో పని ముగించి బయటపడాలి.

కెమెరా గురించి ఇంకో మాట. నా దగ్గర ఒక ఫొటో ఉంది, రాత్రి రెండుంపావు, బక్ ముక్కు ఫొటో అంతా నిండిపోయి ఉంది, తడిగా మెరుస్తోంది. కెమెరాని చెట్టుకి కట్టిన బెల్టుని వాసన చూస్తోంది. నేను ముట్టుకుని అప్పటికి ఒకటిన్నర రోజు. తర్వాత పదకొండు రోజులు ఆ కెమెరాలో అది లేదు. కెమెరా మనకి కళ్లు ఇస్తుందని అనుకుంటాం, దాన్ని చూసిరావడానికి వెళ్లే కాళ్ల సంగతి లెక్కేసుకోం. అరిజోనాలో అయితే వేట కోసం ట్రైల్ కెమెరాలు వాడటాన్నే 2022 జనవరి 1 నుంచి నిషేధించారు. మిషిగన్‌లో అలాంటిది లేదు, కానీ ఎవరూ ఆపట్లేదు కదా అని వారం వారం వెళ్లాల్సిన అవసరమూ లేదు.

బక్ కనపడట్లేదని మొక్కజొన్న గింజలో, ఉప్పు దిమ్మో పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. జింకల మెదడుని పాడుచేసే సీడబ్ల్యూడీ జబ్బు లాలాజలం ద్వారా పాకుతుందని మిషిగన్ దక్షిణ భాగమైన లోయర్ పెనిన్సులాలో 2019లో ఎర మీద నిషేధం వచ్చింది, ఈ ఏడాది రూల్ ఏముందో డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పుస్తకంలో నువ్వే చదువుకో. రూల్ సంగతి పక్కన పెట్టినా, ఎర పెట్టినవాడు మళ్లీ మళ్లీ నింపడానికి వెళ్లాలి. మనం తగ్గించుకుందామంటున్నదే ఆ తిరుగుడు.

నువ్వు ఒక్కడివే ఆగితే సరిపోదు, ఇంకెవరెవరు తిరుగుతున్నారో రైతుని అడుగు. చాలామంది ఇది అడగరు, మొహమాటం. ఉడతలు, కుందేళ్ల సీజన్ సెప్టెంబర్ 15న మొదలవుతుంది, ఆయన బంధువులెవరైనా వస్తారేమో. కుక్కని వదిలి నడిచేవాళ్లు ఉన్నారేమో. పర్మిషన్ ఆయన దయ కాబట్టి ఆంక్షలు పెట్టే హక్కు నీకు లేదు, కానీ "సెప్టెంబర్ ఆఖర్లో చిత్తడి వైపు ఎవరూ వెళ్లకుండా వీలవుతుందా అండీ" అని మర్యాదగా అడిగితే సగం మంది రైతులు సరే అంటారు. ఒక పూట కంచె బాగుచెయ్యడానికి సాయం వెళ్లి అడుగు, మిగతా సగం మంది కూడా అంటారు. ఆయన ట్రాక్టర్ గురించి మాత్రం దిగులు వద్దు. జింకలు ట్రాక్టర్‌ని పుట్టినప్పటి నుంచి చూస్తున్నాయి, పక్కనుంచి వెళ్తున్నా తలెత్తి చూసి మళ్లీ మేస్తాయి. వీలైతే మంచె కట్టే రోజు ఆయన ట్రాక్టర్ మీదే వెళ్లి దిగు, ఇంజన్ ఆపకుండా ఉంచమను. నేలమీద నీ అడుగులు తగ్గుతాయి.

విల్లు ప్రాక్టీస్ ఇంటి పెరట్లోనో రేంజ్‌లోనో చేసుకో, ఆ భూమిలో వద్దు. నవంబర్ తుపాకీ సీజన్‌కి గురి సరిచూసుకోవడం కూడా రేంజ్‌లోనే. (హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం వేరేగా ఉంటుంది, హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది గానీ లాయర్‌ని అడక్కుండా స్నేహితుడి తుపాకీ కూడా చేతిలోకి తీసుకోకండి.)

పిల్లల్ని తీసుకెళ్లొద్దని చెప్తున్నందుకు బాధగా ఉంది, ఎందుకంటే వాళ్లకి ఇది చూపించాలని నీకున్న తపన నాకు తెలుసు. సాయంత్రం ఆరున్నరకి రోడ్డు మీద కారు ఆపి, కారులోంచే బైనాక్యులర్స్‌తో సోయా చేను చూపించు. ఆగి ఉన్న కారుని జింకలు పట్టించుకోవు, దిగి తలుపు వేస్తే పట్టించుకుంటాయి. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు అలా ఒక సాయంత్రం పంతొమ్మిది లెక్కపెట్టింది, నేను పదిహేడే చూశాను.

ఇక సీజన్ మొదలయ్యాక. మంచె మీద మొదటిసారి కూర్చునే సాయంత్రమే అన్నిటికంటే మంచి అవకాశం, ఎందుకంటే నువ్వు అక్కడ ఉంటావని బక్‌కి ఇంకా తెలియదు. ఆ అవకాశాన్ని క్యాలెండర్ చూసి ఖర్చుపెట్టకు. అక్టోబర్ 1న గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో ఉంటే ఇంట్లో కూర్చో, 4వ తేదీ వచ్చినా సరే, 9వ తేదీ వచ్చినా సరే. చలిగాలి దిగి పడమటి గాలి నిలకడగా వీచే సాయంత్రం కోసం ఆగు. గాలి అసలు లేని సాయంత్రం కూడా మోసమే. చీకటి పడేముందు గాలి చల్లబడి పల్లానికి జారుతుంది, నీ దగ్గర పల్లం అంటే ఆ చిత్తడే, నీ వాసన మెల్లగా నేల పట్టుకుని సరిగ్గా బక్ పడుకున్న చోటికి వెళ్తుంది. నేను మిల్క్‌వీడ్ కాయ ఒకటి జేబులో వేసుకుంటాను, అది మన జిల్లేడు కుటుంబానిదే, లోపల అదే పట్టులాంటి దూది. ఒక్కో పోగు వదిలితే నలభై గజాల దాకా గాలి ఎటు మలుపు తిరుగుతుందో కళ్లకి కనపడుతుంది. గాలివాటం చూసే పౌడర్ సీసా కొనక్కర్లేదు, సెప్టెంబర్‌లో గట్ల మీద కాయలు బోలెడు.

అక్టోబర్ మొదట్లో పొద్దున వేట వద్దు. తెల్లవారుజామున జింకలు చేలో ఉంటాయి, నువ్వు చీకట్లో వాటి మధ్యలోంచే నడిచి వెళ్తావు. సాయంత్రాలు మాత్రమే. చీకటి పడ్డాక మంచె కింద జింకలు ఉంటే దిగకు. రైతుకి మెసేజ్ పెట్టు, ఆయన పికప్ వేసుకుని చేను గట్టు దాకా వచ్చి లైట్లు వేస్తే అవి తప్పుకుంటాయి, వాటికి అది రైతు బండి, అంతే. అప్పుడు దిగు. నేను ఒకసారి చలికి తట్టుకోలేక దిగేసి, ఆడజింకలు ఐదు బుసలు కొడుతూ పరుగెత్తడం విన్నాను, ఆ మంచె మీద ఆ నెలంతా ఏమీ చూడలేదు.

వారానికి ఒకటి, మహా అయితే రెండుసార్లు. నవంబర్ మొదటివారం వచ్చి మగవి ఆడవాటి వెంట తిరగడం మొదలుపెట్టాక కాస్త వదులు, అప్పుడు పొద్దున్నా కూర్చోవచ్చు, రోజంతా కూర్చోవచ్చు, వేరే చోటి బక్‌లు కూడా నీ భూమిలోకి వస్తాయి. ఇంకో సంగతి, నవంబర్ 15న చుట్టుపక్కల భూముల్లోకి జనం దిగుతారు. ఆ రోజుకి నీ చిత్తడి ప్రశాంతంగా ఉండి ఉంటే, ఎక్కడెక్కడివో అక్కడికే చేరతాయి.

ఈ శనివారం ఆకాశం నిర్మలంగా ఉంటుందని చూపిస్తోంది, కాబట్టి వద్దు. మంగళవారం వాన, గాలి నైరుతి నుంచి. పదిన్నరకి రైతు ఇంటి దగ్గర ఉండు, తోడు ఎవరూ దొరక్కపోతే మెసేజ్ పెట్టు, నేను వస్తాను, నిచ్చెన మంచె నా ట్రక్కులో పడుతుంది.